రాజధానికి దగ్గరలో ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీ యువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు సలాం. ఈ కాసేపూ నేను మాట్లాడేది ముఖ్యంగా ఆ వెనక వరుసల వాళ్ళ కోసమే.

ప్రతి ఏడూ ఈ సభలో నన్ను పోటీ పరీక్షల గురించి చెప్పమంటారు. ఈసారి కార్యదర్శిగారు ఫోన్ చేసి, "భాయ్‌సాబ్, ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చాలాసార్లు చెప్పారు. అల్‌హందులిల్లాహ్, మన పిల్లల్లో కొంతమందికి వచ్చేశాయి. సచివాలయంలో ఒకరు, హైకోర్టులో ఇద్దరు, మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సుగా ఒకమ్మాయి. వాళ్ళంతా ఇప్పుడు అడిగేది ఇల్లెక్కడ తీసుకోవాలని. దాని గురించి చెప్పండి" అన్నారు. ఒప్పుకున్నాను. ఈ విషయంలో నాకు అర్హత ఉంది. ఒకసారి తప్పు చేసినవాణ్ణి, రెండోసారి చేయబోయి తప్పించుకున్నవాణ్ణి.

నేను పుట్టింది గుంటూరులో. ఉద్యోగం హైదరాబాద్ సచివాలయంలో. 2016లో మమ్మల్ని వెలగపూడికి రమ్మన్నారు. అప్పటికి మా అబ్బాయి ఇంటర్, అమ్మాయి ఎనిమిదో తరగతి. మెహదీపట్నంలో అద్దె ఇల్లు, పిల్లల స్కూళ్ళు, మా ఇంటావిడ పుట్టిల్లు, అన్నీ అక్కడే. అందరిలాగే నేనూ ఆలోచించాను. వారానికి ఐదు రోజులే పని, ఇక్కడ ఉండటానికి ప్రభుత్వం వసతి చూపిస్తోంది, శుక్రవారం సాయంత్రం ఎక్కితే రాత్రికి హైదరాబాద్ చేర్చే ఇంటర్‌సిటీ రైలు ఉంది. కుటుంబాన్ని కదిలించడమెందుకు అనుకున్నాను. మూడేళ్ళు అలాగే గడిచాయి.

లెక్క వేస్తే డబ్బు మిగిలింది. ఆ మూడేళ్ళలో మా అమ్మాయి ఎనిమిది నుంచి పదికి వచ్చింది. ఒక మంగళవారం దానికి డెంగ్యూ అని తేలింది. నేను సెలవు పెట్టి, దొరికిన బస్సెక్కి వెళ్ళేసరికి తెల్లారింది. ఆసుపత్రిలో డాక్టరు "తండ్రెవరు?" అని అడిగితే మా బావమరిది ముందుకు వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన తప్పేమీ లేదు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో అలాంటి పనులన్నిటికీ ముందుకొచ్చింది అతనే.

2019 వేసవిలో అమ్మాయి పదో తరగతి అయిపోగానే ఇక అందరం ఒకేచోట ఉందామని నిర్ణయించుకున్నాం. అబ్బాయిని హాస్టల్లో పెట్టాం. ఎక్కడ ఉండాలన్నది అప్పుడు ప్రశ్న. నేను తుళ్ళూరులో ఒక ఫ్లాటు చూసి పెట్టాను. కొత్త కట్టడం, ఆఫీసుకి బైకు మీద పదిహేను నిమిషాలు. ముందు ముందు చుట్టూ మహానగరం వస్తుందని బ్రోకరు పటం పరిచి చూపించాడు. మా ఇంటావిడ ఒకరోజు వచ్చి ఆ ఫ్లాటు బాల్కనీలో నిలబడి చూసి, ఒక్క మాటే అడిగింది. "మీరు తొమ్మిదిన్నరకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉండేది ఎవరు?"

అమ్మాయికి జూనియర్ కాలేజీ కావాలి. మా అమ్మీకి గుండె డాక్టరు కావాలి. మా ఆవిడకి నాలుగు గడపలు తెలిసినవి కావాలి. ఇవన్నీ గుంటూరులో ఉన్నాయి. తుళ్ళూరులో దగ్గరగా ఉన్నది నా ఆఫీసు ఒక్కటే. పొన్నూరు రోడ్డు వైపు, అమ్మీ ఉండే ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాం.

ఆ డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. తర్వాత జరిగింది మీకు తెలుసు. పనులు ఆగాయి, రాయపూడి వైపు ఉద్యోగుల కోసం లేస్తున్న టవర్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, తుళ్ళూరులో అద్దెకున్నవాళ్ళు చాలామంది ఖాళీ చేశారు. నేను చూసిన ఫ్లాటు పక్క ఫ్లాటు కొనుక్కున్న మా సెక్షన్ మిత్రుడు సాయంత్రమైతే ఆ అంతస్తులో లైటు వెలిగేది మా ఇంట్లోనే అనేవాడు. నేనేదో ముందుగానే ఊహించానని అనుకోకండి. బ్రోకరు పటానికి నేను పడిపోయాను. ఆవిడ పడలేదు, అంతే.

 పనులు మళ్ళీ మొదలయ్యాయి. 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి పునఃప్రారంభం చేశారు. టవర్లలో పని మళ్ళీ మొదలైంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి కేంద్రం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. ఇవన్నీ మంచి సంగతులే, పూర్తి కావాలనే మనమంతా కోరుకుంటున్నాం. అయినా బేటా, రేపు పొద్దున మీరు ఎక్కాల్సింది ఈరోజు నడుస్తున్న బస్సు. రాబోయే రోడ్డునీ, రాబోయే రైలునీ నమ్ముకుని అడ్వాన్సు కట్టకండి. అవి వచ్చిన రోజున ఇల్లు మారొచ్చు. అద్దె ఇల్లు మనల్ని కట్టిపడేయదు.

సరే, ఒక్కొక్క చోటు గురించి చెప్తాను. నాకు ఎక్కువ తెలిసినవాటి గురించి ఎక్కువ, తక్కువ తెలిసినవాటి గురించి తక్కువ.

గుంటూరు నుంచి నాలుగేళ్ళు తిరిగాను. ఎనిమిది గంటలకి ఇంట్లోంచి బయల్దేరితే సీట్లో కూర్చునేసరికి తొమ్మిదీ ముప్పావు. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఏడున్నర. దూరం ఏ దారిన వెళ్ళినా ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే. కాలం తినేది దూరం కాదని నాకు మొదటి నెలలోనే అర్థమైంది. ఇంటి నుంచి బస్టాండుకి, మంగళగిరిలో దిగాక యర్రబాలెం, కృష్ణాయపాలెం, మందడం మీదుగా వెళ్ళే ఆటో నిండేదాకా, అక్కడే పోయేది సగం. రైలు కూడా అంతే. గుంటూరు నుంచి మంగళగిరికి రైలు హాయిగా ఉంటుంది, సీజన్ టికెట్ చవక. స్టేషన్ బయట నిలబడ్డాక మొదలవుతుంది అసలు ప్రయాణం. అందుకే ఎవరైనా ఇంటి నుంచి ఆఫీసుకి ఎన్ని కిలోమీటర్లని చెప్తే నేను వినను. ఎన్నిసార్లు ఎక్కి దిగాలి అని అడుగుతాను. రెండు ఎక్కుళ్ళ కంటే ఎక్కువైతే వానాకాలంలో ఏడుపొస్తుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను. ఏడాదికి 240 పని రోజులు అనుకుందాం. దగ్గర్లో ఉన్నవాడి కంటే మీకు పోను గంట, రాను గంట ఎక్కువ పడితే, 480 గంటలు. అంటే 20 రాత్రింబవళ్ళు. ఏడాదిలో 20 రోజులు మీరు బస్సులో కాపురం ఉన్నట్టు. దానికి బదులుగా ఆ ఊళ్ళో మీకు ఏం దొరుకుతోందో కాగితం మీద రాసుకోండి. నాకు అమ్మీ ఆఖరి రెండేళ్ళు దొరికాయి. రోజూ రాత్రి ఆమెకి మందులు నేనే ఇచ్చాను. ఆ 20 రోజులు నాకు బరువనిపించలేదు. అమ్మీ పోయాక, నిజం చెప్తున్నాను, అదే ప్రయాణం భారమైంది.

కారున్నవాళ్ళకి ఇంకో మాట. గుంటూరు, విజయవాడ మధ్య హైవే మీద కాజ దగ్గర టోల్ ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకి ఏడాది ఫాస్టాగ్ పాసు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మా మేనల్లుడు సంబరపడ్డాడు. అది 200 ట్రిప్పులకే. రోజూ పోవడం ఒకటి, రావడం ఒకటి. వంద రోజులకి అయిపోతుంది. మిగిలిన నెలలకి మళ్ళీ లెక్క వేసుకోవాలి.

మంగళగిరి, తాడేపల్లి. ఇప్పుడు అందరి చూపూ ఇటే. దూరం రీత్యా వీటికి మించినవి లేవు. హైవే, రైలు, ఎయిమ్స్, కాలేజీలు అన్నీ ఉన్నాయి. అద్దెలు కూడా దానికి తగ్గట్టే పెరిగాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై, ఒకరిది రాజధాని వైపు, ఒకరిది గుంటూరు గానీ విజయవాడ గానీ అయితే కళ్ళు మూసుకుని మంగళగిరి చూసుకోండి. ఎక్కువ కట్టే అద్దె, ఇద్దరి ప్రయాణ ఖర్చులో మిగులుతుంది. ఒక్కరి జీతం మీద నడిచే ఇల్లయితే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. కొత్త అపార్టుమెంట్లలో అద్దె ఒకటి, మెయింటెనెన్స్ ఇంకొకటి, వేసవిలో నీళ్ళ ట్యాంకరు వేరే.

తెనాలి గురించి క్లుప్తంగా. చదువుకీ, ధరలకీ మంచి ఊరు. విజయవాడకి రైళ్ళు బాగా ఉన్నాయి. విజయవాడలో ఉద్యోగమైతే తెనాలి బంగారం. వెలగపూడికి మాత్రం కృష్ణా కెనాల్‌లో దిగి మళ్ళీ వెతుక్కోవాలి.

ఇక విజయవాడ. ఇక్కడ కొంచెం ఆగాలి.

మా ఆపా కొడుక్కి హైకోర్టులో చిన్న ఉద్యోగం వచ్చింది. 2022లో పెళ్ళైంది. నన్ను సలహా అడిగాడు. విజయవాడలో వన్ టౌన్ అద్దెలు అందవు, సింగ్ నగర్ వైపు తక్కువలో పోర్షన్ దొరికింది, మస్జిద్ దగ్గర, మనవాళ్ళు చాలామంది ఉన్నారు అన్నాడు. ఇల్లు చూడ్డానికి నేనూ వెళ్ళాను. కుళాయి తిప్పి చూశాను, కరెంటు మీటరు చూశాను, బస్టాపు ఎంత దూరమో నడిచి చూశాను. బాగుందన్నాను. బుడమేరు ఎంత దూరమని అడగలేదు. కృష్ణకి వరద వస్తే కరకట్ట ఉంది కదా అనుకునే తరం మాది. బుడమేరుని మర్చిపోయాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఎగువన బుడమేరు డైవర్షన్ కాల్వ కట్టకి గండ్లు పడ్డాయి. పొద్దున్నే వీధిలోకి నీళ్ళొస్తే వాన నీళ్ళే అనుకున్నారట. మధ్యాహ్నానికి నడుం లోతు. వాళ్ళది కింది పోర్షన్. ఏడు నెలల పిల్లాణ్ణి భుజానేసుకుని పై అంతస్తు వాళ్ళింటికి వెళ్ళారు. ఆ పై వాళ్ళు మనవాళ్ళు కారు. నాలుగు రోజులు రెండు కుటుంబాలూ ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయింది. బ్యారేజీ కట్టిన తర్వాత అంత ప్రవాహం ఎన్నడూ లేదు. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తగిలితే దాని మీద రాకపోకలు ఆపేశారు. నేను ఇవతలి ఒడ్డున, వాడు అవతల. మన సొసైటీ కుర్రాళ్ళు ట్రాక్టరు మీద పాలు, బ్రెడ్డు పట్టుకెళ్ళిన సంగతి ఇక్కడున్న కొందరికి గుర్తుంటుంది. ఆ ట్రాక్టరులో మా మేనల్లుడి వీధి కూడా ఉంది.

నీళ్ళు తీశాక ఇంట్లో మిగిలింది గోడలే. పెళ్ళి ఫ్రిజ్, మంచం, వాడి సర్టిఫికెట్లు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు వీధిలో ఒక ముసలాయన్ని పట్టుకుని అడగండి: "2024లో ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి చాచా?" గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, ఎక్కడైనా సరే, ఒకే కాలనీలో ఒక వీధి మునుగుతుంది, పక్క వీధి మునగదు. బ్రోకరు చెప్పడు, ఓనరు చెప్పడు. ఆ ప్రాంతం వద్దని నేను అనను. లక్షల మంది అక్కడే ఉన్నారు, స్థోమతకి తగిన ఇల్లు అక్కడే దొరుకుతుంది. పై అంతస్తు తీసుకోండి. కాగితాలు ఎత్తులో పెట్టుకోండి. తాగే నీళ్ళ సంగతి కూడా అలాగే. గుంటూరులో 2018 మార్చిలో ఆనందపేట చుట్టుపక్కల కుళాయి నీళ్ళు కలుషితమై ప్రాణాలు పోయాయి. పైపు ఎక్కడి నుంచి వస్తోంది, మురుగు కాల్వలోంచి పోతోందా అని వంగి చూడటం నామోషీ కాదు.

ఇంకో విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్తాను. మీలో కొందరికి ఫోన్లో అంతా కుదిరి, పేరు చెప్పగానే "మా అన్నయ్య వాళ్ళకి మాటిచ్చేశామండీ" అని వినిపిస్తుంది. నాకూ వినిపించింది, గెజిటెడ్ ఉద్యోగిగా ఉన్నప్పుడే. కోపం వస్తుంది. కోపంతో మనవాళ్ళు ఉన్న పేటలు తప్ప ఇంకెక్కడా చూడనని ఒట్టు పెట్టుకోకండి. నేను మొదటి ఫోన్లోనే పేరు చెప్పేసేవాణ్ణి. పెట్రోలు మిగిలేది. మంగళగిరిలో మా స్నేహితుడికి ఇల్లిచ్చిన మగ్గాల పెద్దాయన పేరు విని, "మాంసం వండుకోండి బాబూ, మోటారు మాత్రం ఎక్కువ వెయ్యొద్దు" అన్నాడట. తొమ్మిదేళ్ళుగా వాళ్ళు అక్కడే ఉన్నారు. మోటారు గొడవ ఇంకా తేలలేదు.

మస్జిద్ ఎంత దూరం, జుమాకి ఎక్కడికి వెళ్తారు అన్నది ఇంటి దగ్గరే కాదు, ఆఫీసు దగ్గర కూడా చూసుకోండి. రంజాన్ నెలలో గంట ముందు వెళ్ళనిస్తారు. ఆ గంటని నమ్ముకుని బయల్దేరి, ఉండవల్లి దగ్గర ట్రాఫిక్‌లో మగ్రిబ్ అజాన్ విని, బస్సులోనే ఖర్జూరం నోట్లో వేసుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. పక్క సీటాయన నీళ్ళ సీసా ఇచ్చేవాడు. బాగానే ఉండేది. ఇంట్లో మాత్రం దస్తర్‌ఖాన్ దగ్గర నా చోటు ఖాళీ.

అమ్మాయిలకి ప్రత్యేకంగా ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి మీకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. దానితో దూరం ఊళ్ళు కూడా దగ్గరైనట్టు కనిపిస్తాయి. చార్జీ లేదు గానీ బస్సు దిగాక నడవాల్సిన దూరం అలాగే ఉంది. ఎయిమ్స్‌లో చేరిన అమ్మాయికి షిఫ్టు డ్యూటీలు. రాత్రి తొమ్మిదింటికి బస్టాపు నుంచి ఇంటిదాకా ఆ దారిలో ఎన్ని దుకాణాలు తెరిచి ఉంటాయో లెక్కపెట్టుకోవాలి. మెడికల్ షాపు, టీ బంకు, ఇస్త్రీ బండి, ఏదైనా సరే. ఆ లెక్క పగలు చూస్తే తెలియదు.

కొనడం గురించి నన్ను ఎక్కువ అడగకండి. మొదటి మూడేళ్ళు అద్దెకే ఉండండి. రాజధాని గ్రామాల్లో చాలాచోట్ల నల్లరేగడి నేల. పునాది ఖర్చు అడక్కుండా స్థలం ధర విని మురిసిపోవద్దు. కొండవీటి వాగు ఎటు పొంగుతుందో నీరుకొండ రైతుని అడిగితే చెప్తాడు. స్థలం మరీ చవకగా వస్తోందంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నిషేధిత భూముల జాబితా, 22-ఎ అంటారు, అది చూడండి. అందులో వక్ఫ్ భూములు కూడా ఉంటాయి. మన పెద్దలు అల్లాహ్ పేరున విడిచిపెట్టిన నేల మీద మనమే ప్లాటు కొనుక్కునే పరిస్థితి రాకూడదు. బ్యాంకు వడ్డీ సంగతి మౌలానాగారు చెప్తారు, నేను చెప్పను.

మా మేనల్లుడు ఇప్పుడు మళ్ళీ ఇల్లు వెతుకుతున్నాడు. తాడేపల్లిలో ఒకటి, గుంటూరులో ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చూసొచ్చి రెండూ బాగున్నాయన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఏ ఇల్లైనా బాగుంటుంది. సోమవారం సెలవు పెట్టి, పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి గుమ్మం నుంచి కోర్టు గేటుదాకా వెళ్ళి చూడమన్నాను. మంగళవారం రెండో ఇంటి నుంచి. ఈసారి కోడల్ని కూడా తీసుకెళ్ళమన్నాను. వాడు కోర్టుకి వెళ్ళాక, ఆ అమ్మాయి పిల్లాణ్ణెత్తుకుని ఆ వీధిలో ఓ గంట తిరిగి, పాలెక్కడ, పిల్లల డాక్టరు ఎక్కడ, పక్కింటావిడ పలకరిస్తుందా లేదా చూసుకుంటుంది. గోడ మీద నీళ్ళ గుర్తు చూసే పని నాది. ఎల్లుండి వెళ్తున్నాం.

మీలో ఎవరికైనా అలా తోడు రావాలంటే సొసైటీ ఆఫీసులో పేరు రాసి వెళ్ళండి. రిటైరైనవాళ్ళం నలుగురైదుగురం ఉన్నాం, పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కడం మాకు అలవాటే.